బూరుగ చెట్టుకు బతుకు పత్రం

గుబ్బల సత్తిరాజు కోనసీమ మనిషి. కోనసీమలో చెట్టంటే కొబ్బరి చెట్టు. మాఘమైనా ఆషాఢమైనా దాని వేషం మారదు. అలాంటి చోట పుట్టి పెరిగి, తర్వాత ఉద్యోగమంతా పట్నంలో ఫ్యాను కింద కూర్చుని చేసినవాణ్ణి తీసుకొచ్చి ఏజెన్సీ కొండల్లో వృక్ష పరిశీలకుడిగా వేస్తే తప్పు ఎవరిదో మీరే చెప్పాలి. సత్తిరాజు మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. రిటైరవడానికి ఇంకా కొద్ది కాలమే ఉంది. ఆ కాస్తా ఎవరి నోటా పడకుండా గడిచిపోతే చాలనుకున్నాడు.

ఆయన పనిచేసేది వృక్ష ధ్రువీకరణ శాఖలో. ఈ శాఖ పుట్టడానికి కారణం పింఛనుదార్లు. వయసు మళ్లినవాళ్లు ఏటా ఆఫీసుకు వచ్చి తాము బతికే ఉన్నామని రుజువు చేసుకుంటుంటే, చెట్లు మాత్రం ఏ రుజువూ లేకుండా ఏళ్ల తరబడి నిలబడి ఉండటం ఏం న్యాయమని పైన ఎవరికో అనిపించింది. అనిపించిందే తడవుగా నిబంధన వచ్చింది. ఊళ్లలో ఉన్న ప్రతి ఉమ్మడి చెట్టూ జనవరి నెలలో తాను బతికి ఉన్నట్టు నిరూపించుకోవాలి. నిరూపణంటే పచ్చని ఆకు. ఒక్క ఆకున్నా చాలు, బతుకు పత్రం రాసి మానుకు రేకు బిళ్ళ కొట్టేస్తారు. ఆకు లేకపోతే ఎర్రరంగుతో ఇంటూ గుర్తు గీసి, మృత వృక్షం కింద జమకట్టి, మార్చి ఆఖరులోగా కొట్టించేస్తారు. అన్ని నెలలుండగా జనవరే ఎందుకంటే, నిధులు డిసెంబరు చివర్లో వస్తాయి, మార్చి దాటితే మురిగిపోతాయి. చెట్ల వీలు చూసుకుంటూ కూర్చుంటే శాఖ నడవదు.

ఆ జనవరిలో సత్తిరాజు రంగు డబ్బా పట్టుకుని వెలగలగొంది చేరాడు. అది కొండరెడ్ల గూడెం. చింతలూ పనసలూ మామిళ్లూ జీలుగులూ అన్నీ పచ్చగా ఎదురొచ్చి పరీక్ష పాసయ్యాయి. గూడెం చివర, బండిబాట పక్కన ఉన్న పెద్ద చెట్టు ఒక్కటే మోడులా కనిపించింది. నలుగురు చేతులు కలిపితే గానీ అందనంత మాను. చిటారు కొమ్మ దాకా తల వెనక్కి వాల్చి వెతికినా ఆకన్నది లేదు.

"ఇదెప్పుడు పోయిందమ్మా?" అని అడిగాడు, పక్క గుడిసె ముందు కూర్చుని దిండు కుడుతున్న ఆవిణ్ణి.

ఆవిడ పేరు కడబాల బుల్లెమ్మ. మొగుడు పోయాక ఆమెను సాకుతున్నది ఆ చెట్టే. అది బూరుగ చెట్టు. ఏటా ఎండాకాలంలో దాని కాయలు దులిపి, దూది తీసి, గింజలు ఏరి, దిండ్లు కుట్టి సంతలో అమ్ముకుంటుంది. సత్తిరాజు ప్రశ్నకు ఆమె సూది ఆపి కంగారుగా గూడెం వైపు చూసింది.

"ఎవరు పోయారండి బాబుగారో?"

"ఈ చెట్టమ్మా. ఒక్క ఆకు లేదు."

బుల్లెమ్మ నవ్వింది. "సెట్టు పోడమేటండి. సలికాలం కదా, ఆకు రాల్సుకుంది. మీరు మాత్రం సొక్కా ఇప్పుకుని పడుకోరేటి? అంతమాత్రానికే పాడె కట్టేత్తారా?"

సత్తిరాజుకూ నవ్వొచ్చింది. కానీ నిబంధన ఆకు ఉందా లేదా అని అడిగింది గానీ, లేకపోతే ఎందుకు లేదని అడగలేదు. పైగా ఆవిడ చెప్పినదాని మీద ఆయనకు పూర్తిగా నమ్మకం కలగలేదు. కొబ్బరి చెట్టు ఏనాడూ చొక్కా విప్పగా ఆయన చూడలేదు. ఇంటూ గుర్తు గీసేసి, మెడ నొప్పిగా ఉందని బుల్లెమ్మ దగ్గర ఓ దిండు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఆ దిండు మీద ఆయనకు నిద్ర బ్రహ్మాండంగా పట్టింది.

శివరాత్రి వెళ్లాక మళ్లీ అటు పోవలసి వచ్చి, బండిబాట మలుపు తిరిగేసరికి సత్తిరాజు కాళ్లు నిలిచిపోయాయి. చెట్టంతా ఎర్రగా పూసింది. ఆకు అప్పటికీ లేదు. ఉత్త కొమ్మల మీద అరచేయంత పువ్వులు, దళసరివి. గోరింకలు, కాకులు, ఉడతలు, పేరు తెలియని పిట్టలు పువ్వుల్లో మూతులు పెట్టి తేనె తాగుతూ ఒకటే గోల. పెళ్లివారి విడిదిలా ఉంది. ఓ పువ్వు ధబ్బుమని ఆయన కాళ్ల దగ్గర పడింది. తాను చంపేసిన చెట్టు బతికే ఉందన్న సంతోషం ఒక పక్క, బతికి ఉన్నదాన్ని చచ్చిందని సంతకం పెట్టిన భయం ఒక పక్క, ఆ పువ్వు చేత పట్టుకుని సత్తిరాజు పట్నం బస్సెక్కాడు.

సూపరింటెండెంటు కోదండపాణి ఫైలు మీంచి తల ఎత్తకుండానే విన్నాడు. తాను తల ఎత్తితే శాఖకు నష్టమని ఆయన నమ్మకం.

"ఆకు వచ్చిందా?"

"లేదండి. పువ్వులొచ్చాయండి. చెట్టు నిండా పువ్వులే."

"పువ్వు ప్రాణమునకు నిదర్శనం కాజాలదు. శవం మీద కూడా పువ్వులుంటాయి."

"శవం మీద మనం వేస్తామండి. ఇది తనంతట తనే పూసిందండి."

"పువ్వులు ఎవరు వేశారన్న విషయమై నిబంధన మౌనం వహించినది. నిబంధన మౌనం వహించిన చోట మనం మాట్లాడరాదు." కోదండపాణి పేజీ తిప్పాడు. "మృతులుగా ప్రకటింపబడిన వారికి అభ్యంతరమున్నచో స్వయముగా కార్యాలయమునకు హాజరై విన్నవించుకొనవచ్చును. పింఛనుదార్లందరూ అట్లే వస్తున్నారు."

"చెట్టు నడిచి ఎలా వస్తుందండి?"

"నడవలేని వారు ప్రతినిధిని పంపుకొనవచ్చును. ఆ వెసులుబాటు ఉన్నది."

ఆ వెసులుబాటును సత్తిరాజు కళ్లకద్దుకున్నాడు. మర్నాడే వెలగలగొంది పోయి సంగతి చెప్పాడు. మార్చి ఆఖరులో లారీ వస్తుందన్న మాట బుల్లెమ్మ అప్పుడే మొదటిసారి విన్నది. ఆ ఎర్ర గుర్తు ఏదో పథకం తాలూకు గుర్తని, వర్షాలకు ముందు రేకులిస్తారని ఆమె అన్నాళ్లూ గూడెమంతా చెప్పుకుంది. "అది లేకపోతే నానేం తినాలండి?" అంది.

మంచి పూత ఉన్న కొమ్మ ఒకటి చూసి కోసి, బస్సు టాపు మీద కట్టి, ఇద్దరూ బయల్దేరారు. ఘాటు రోడ్డులో మలుపు మలుపుకీ పువ్వులు రాలాయి. రాలినవి రాలగా పట్నం చేరేసరికి ఒక్క పువ్వు మిగిలింది. అదీ కోదండపాణి బల్ల మీద కొమ్మ పెట్టగానే ఫ్యాను గాలికి ఊడి, స్టాంపు ప్యాడు మీద పడింది.

"ఇది కట్టె," అన్నాడు కోదండపాణి.

"దారిలో రాలిపోయాయండి," అన్నాడు సత్తిరాజు.

"ప్రతినిధి పరిస్థితే ఇట్లున్నచో ప్రధాన వృక్షం సంగతి వేరుగా విచారించనక్కరలేదు." అంటూ బుల్లెమ్మ వైపు కలం చూపించాడు. "ఈమె ఆ చెట్టుకు ఏమవుతుంది?"

"నాకు కూడెడతాదండి అది," అంది బుల్లెమ్మ.

"అనగా మీరు దానిపై ఆధారపడినవారు. ఆధారపడినవారి సాక్ష్యం చెల్లదు. ఆధారపడని వారెవరైనా వచ్చి చెప్పినచో పరిశీలిస్తాం."

ఆధారపడనివాళ్లకు ఆ చెట్టు సంగతి ఏం తెలుస్తుందని సత్తిరాజు అడగబోయి, రిటైర్మెంటు గుర్తొచ్చి మింగేశాడు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఏ మృత వృక్షాన్నయినా కొట్టే ముందు శాఖ సంచాలకులు స్వయంగా తుది పరిశీలన జరపాలి. అంటే ఆఖరి చూపన్నమాట. ఆ చూపులో ఏదైనా పచ్చగా కనబడితే చెట్టు గట్టెక్కినట్టే. కొత్త ఆకు అప్పటికి వేస్తుందేమోనని సత్తిరాజు వారానికోసారి వెళ్లి కొమ్మలు చూసి రావడం మొదలుపెట్టాడు. చెట్టుకు మాత్రం ఆర్థిక సంవత్సరం సంగతి తెలియదు. ఉగాది వచ్చినా అది తాపీగా పూస్తూనే ఉంది.

సంచాలకులు పరాంకుశం గారు మార్చి చివర్లో కోదండపాణిని వెంటబెట్టుకుని జీపులో వచ్చారు. వెనకాల కంట్రాక్టరు లారీ, అందులో రంపాలు, మోకులు. పెద్దమనిషి వస్తుంటే మామిడి తోరణం కట్టకపోతే వెలగలగొంది వాళ్లకు మనసొప్పదు. వచ్చినవాడు ఎందుకు వచ్చాడన్నది వాళ్లు చూసుకోరు. తోరణం కట్టడానికి బాట పక్కన రెండు గుంజలైనా లేవు. ఉన్నదల్లా బూరుగ మాను. బుల్లెమ్మా ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ కలిసి దండిగా మామిడాకులు గుచ్చి, మాను చుట్టూ వరసలు వరసలుగా చుట్టేశారు. మిగిలిన తాడు గుడిసె చూరుకు కట్టారు.

పరాంకుశం గారు జీపు దిగి చెట్టు కింద నిలబడ్డారు. పైనుంచి రెండు పువ్వులు ఆయన భుజాల మీద పడ్డాయి.

"పుష్పవృష్టి అనవసరం," అన్నారాయన వినయంగా. "నేను సామాన్య సేవకుణ్ణి." తర్వాత కళ్లజోడు సవరించుకుని మానును చూశారు. చాలాసేపు చూశారు. "పరిశీలకుడెవరు?"

సత్తిరాజు ముందుకొచ్చాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఆకు లేదని రాశావు. ఇవేమిటి?"

సత్తిరాజు నోరు తెరిచేలోగా ఆయన బుల్లెమ్మను అడిగారు. "ఏమమ్మా, ఇవి ఏ ఆకులు?"

"మావిడాకులండి," అంది బుల్లెమ్మ, ఉన్నమాటే.

"పచ్చగానే ఉన్నవి. చెట్టును అంటుకునే ఉన్నవి. కావున ఇది సజీవ వృక్షం. మామిడి ఆకులున్నవి కావున మామిడి వృక్షం." పరాంకుశం గారు కోదండపాణి వైపు తిరిగారు. "ఇందులో సందేహించవలసినదేమైనా ఉన్నదా?"

కోదండపాణి ఆ రోజు తల ఎత్తక తప్పలేదు. ఎత్తి, చూసి, మళ్లీ దించాడు. "లేదండి. కానీ మృతి చెందిన బూరుగ విషయం ఏం చేయవలెనో సెలవివ్వండి."

"ఒకే స్థలమందు రెండు వృక్షములుండజాలవు. ఇక్కడ మామిడి ఉన్నది గనుక బూరుగ తొలగింపబడినట్లే. అట్లే నమోదు చేయండి. గడువులోగా తొలగించినందుకు పరిశీలకుణ్ణి అభినందిస్తున్నాను."

సత్తిరాజు లారీలోని రంపాన్ని చూశాడు. బుల్లెమ్మ మొహం చూశాడు. నోరు మూసుకున్నాడు. మాను మీద ఎర్ర గుర్తు చెరిపేసి, మామిడి అని రాసిన రేకు బిళ్ళ కొట్టారు. లారీ ఉత్తదే వెనక్కి పోయింది. ఆ పూట గూడెమంతా పండగ చేసుకుంది, సత్తిరాజు రెండు విస్తళ్లు తిన్నాడు.

మామిడి చెట్టన్నాక కాయలుంటాయి. ఉమ్మడి మామిళ్ల మొదటి కాపు శాఖ కార్యాలయానికి చేరాలన్నది మరో నిబంధన. ఏప్రిల్లో కోదండపాణి బుట్టలు వేసుకుని వచ్చి చూస్తే చెట్టు నిండా కోలగా, గట్టిగా, పచ్చగా కాయలు వేలాడుతున్నాయి. ఒకటి తెప్పించుకుని కొరికి, పన్ను పట్టుకున్నాడు.

"ఇంకా టెంక గట్టిపడే దశలో ఉన్నట్లున్నది," అని నిర్ణయించి, ముగ్గే దాకా ఎవరూ ముట్టరాదని ఆజ్ఞ వేసి వెళ్లాడు.

ముగ్గడం మాట అటుంచి, ఎండలు ముదిరేసరికి కాయలు నల్లబడి పగిలి దూది బయటికొచ్చింది. ఇంకా ఊరుకుంటే అంతా గాలికి పోతుంది. బుల్లెమ్మ ఏటా చేసే పనే చేసింది. పొడుగాటి వెదురుగడతో కాయలు దులిపి గోనెసంచుల్లో కూరింది. రెండో సంచి మూతి కడుతుండగా కోదండపాణి జీపు వచ్చి ఆగింది. జుట్టు నిండా దూదితో ఉన్న మనిషి దొంగ కాదని చెప్పుకోవడం కష్టం. ప్రభుత్వ మామిడికాయల్ని అక్రమంగా దూదిగా మార్చిందని ఆమె మీద కేసు రాశాడు. నేరం రుజువైతే గూడెంలోంచి వెళ్లగొట్టవచ్చని కూడా ఆయనే చెప్పాడు.

విచారణకు పరాంకుశం గారు మళ్లీ వచ్చారు. చెట్టు కిందే బల్ల వేశారు. దూది మెల్లగా రాలి బల్ల మీద కాగితాల మీద పడుతుంటే కోదండపాణి ఊదుకుంటూ అభియోగం చదివాడు.

"మామిడిని దూదిగా ఎట్లు మార్చితివి?" అని అడిగారు పరాంకుశం గారు. ఆయన గొంతులో కోపం కన్నా కుతూహలమే ఎక్కువ.

"నాను మార్సలేదండి. దానంతట అదే పగిలిందండి."

"ప్రభుత్వ మామిడికి అట్టి స్వభావం లేదు," అన్నాడు కోదండపాణి.

ఇక సత్తిరాజుకు ఆగలేదు. లేచి నిలబడ్డాడు. "అయ్యా, అది మామిడి కాదండి. బూరుగండి. మొదట్నుంచీ బూరుగేనండి. చావనూ లేదు, మారనూ లేదండి. చలికాలం ఆకు రాల్చుకుంటే నాకు తెలీక చచ్చిందని రాశానండి. ఆ తోరణం మీ కోసం కట్టిందండి."

పరాంకుశం గారు చలించలేదు.

"బూరుగ అయినచో అది మార్చిలో తొలగింపబడినది. దానిపై మా సంతకమున్నది. తొలగింపబడిన వృక్షం నిలబడి ఉండుట క్రమరాహిత్యం. క్రమరాహిత్యమును ఈ సాయంత్రానికే సరిదిద్దగలం. లారీని పిలిపించమంటావా?"

సత్తిరాజు కూర్చున్నాడు. కూర్చోవడం తప్ప ఆయనకు చేతనైంది ఇంకేం లేకపోయింది.

"నీవు చెప్పమ్మా," అన్నారు సంచాలకులు. "ఇది బూరుగ అన్నచో నీపై కేసు లేదు, చెట్టు ఉండదు. మామిడి అన్నచో చెట్టు ఉంటుంది, నేరం నీది. ఇది ఏ చెట్టు?"

బుల్లెమ్మ తలెత్తి చూసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమె దాన్ని బూరుగనే పిలిచింది. ఆమె తల్లీ అలాగే పిలిచింది. పగిలిన కాయల్లోంచి దూది పింజలు లేచి గుడిసెల మీదుగా పోతున్నాయి. అక్కడున్న పసిపిల్లను అడిగినా చెబుతుంది అది ఏ చెట్టో.

"మావిడేనండి," అంది బుల్లెమ్మ.

"కాయలు పాడుచేసినది?"

"నానేనండి."

సత్తిరాజుకు తల ఎత్తుకోవడం చేత కాలేదు. తన సంతకం ఆ మనిషి చేత ఎంత మాట అనిపించిందో తలుచుకుని, ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో మొదటిసారి సిగ్గుతో ఏడుపొచ్చింది. తుడుచుకుంటే దూది కళ్లలో పడిందనుకున్నారు.

పరాంకుశం గారు అక్కడికక్కడే తీర్పు రాయించారు. నేరం ఒప్పుకున్నందున గూడెంలోంచి వెళ్లగొట్టడం లేదు. చెడిపోయిన మామిడి, అనగా దూది, శాఖకు ఎందుకూ పనికిరాని చెత్త గనుక, శిక్షగా ఆ చెత్తనంతా ఏటా బుల్లెమ్మే ఎత్తిపారవేయాలి. శాఖ ఇందుకు ఆమెకు కూలి ఇవ్వదు. అదే చెట్టు నుంచి తినదగిన మామిడిపండ్లు ఓ బుట్టెడు ఏటా కార్యాలయానికి సమర్పించాలి. సమర్పించకపోతే ఆకు మామిడిదే అయినా చెట్టు పనిచేయడం లేదని భావించి తొలగిస్తారు.

"ఎత్తిపారేత్తానండి," అని బుల్లెమ్మ చెత్త కూరిన గోనెలు రెండూ భుజాన వేసుకుని గుడిసెలోకి వెళ్లింది. ఆ వారం సంతలో ఆమె దిండ్లన్నీ అమ్ముడుపోయాయి. ఒకటి కోదండపాణి కొన్నాడని తర్వాత తెలిసింది.

మామిడిపండ్ల బుట్ట సంగతి సత్తిరాజు తన మీద వేసుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు. సెలవు పెట్టి కోనసీమ పోయి, తోబుట్టువు తోటలో చిన్నరసాలు దగ్గరుండి కోయించి, గడ్డిలో పెట్టి, బస్సులు మారి పట్నం చేరాడు. బుట్ట మీద వెలగలగొంది మామిడి అని బుల్లెమ్మ పేరుతో చీటీ కట్టి కార్యాలయంలో అప్పజెప్పాడు. ఆఫీసంతా మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తిన్నది. పరాంకుశం గారు రెండు తిని, చెయ్యి కడుక్కుని, అభిప్రాయం రాసి పంపారు.

సత్తిరాజు ఆ కాగితం పట్టుకుని గూడెం వచ్చి, దిండు కుడుతున్న బుల్లెమ్మకు చదివి వినిపించాడు. "ఫలములు అందినవి. రుచి సంతృప్తికరం. అయితే పీచు ఎక్కువగా ఉన్నది. వచ్చే ఏటికి తగ్గించుటకు తగు చర్యలు తీసుకొనవలెను."

బుల్లెమ్మ దారం పళ్లతో తెంపి, నవ్వు ఆపుకుని, చెట్టు వైపు చూసింది.

"ఎంత మావిడైతే మాత్రం, దాని బుద్ది ఎక్కడికి పోద్దండి బాబుగారో."